చరిత్రకు శ్రుతి

నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో పెన్నానది యొడ్డున రొద్దము అను గ్రామము కలదు. నది యన్న పేరే కాని, ఏటిలో నీరు పాఱు దినములు మిక్కిలి తక్కువ. ఇసుకకు మాత్రము కొదవ లేదు. తూర్పున పెనుగొండ, దక్షిణమున హిందూపురము, ఈశాన్యమున ధర్మవరము. వేరుసెనగ చేలును, పట్టుపురుగులకు మేతయగు మల్బరీ తోటలును, వాని నడుమ ఏనుగులవలె కూర్చుండిన రాతిగుట్టలును ఆ ప్రాంతపు రూపము. అచ్చట వాన కురిసిన కథలకంటె కురియని కథలే యెక్కువ.

1988వ సంవత్సరము చివర ఆ యూర పట్టుగూళ్ల వర్తకు డొకని యింట టెలివిజను పెట్టె యుండెను. వారమున కొకమాఱు ఆ యింటి నడవలో ముప్పదిమందికి తక్కువ కాకుండ జనము చేరెడివారు. మిద్దెపైని ఏరియలును త్రిప్పుటకు ఒక బాలుడును, బొమ్మ కుదిరినదో లేదో క్రిందనుండి కేకవేసి చెప్పుటకు మఱొక బాలుడును నియమింపబడి యుండిరి. బొమ్మ కుదిరిన పిమ్మట మొదటి బాలుడు దిగివచ్చునప్పటికి కథ సగము నడచెడిది. అయినను ఆ యుద్యోగమునకు పోటీ తక్కువ కాలేదు.

ఆ జనములో డెబ్బదియేండ్ల వృద్ధు డొకడు గోడకు చేరగిలబడి కూర్చుండెడివాడు. ఊరివారు ఆయనను హార్మోనియం మేష్టరు అని పిలిచెడివారు. నలుబది సంవత్సరములు ఆయన ఆ సీమ పల్లెలలో పద్యనాటకములకు హార్మోనియము వాయించెను. ఇప్పుడు చూపు మందగించినది. తెఱమీది బొమ్మ ఆయనకు నీడవలె మాత్రమే కనిపించెడిది. హిందీ ఆయనకు రాదు. ప్రక్కనే కూర్చుండు దర్జీ సాయిబుగారు దయతో ప్రతివాక్యమును తెనిగించి చెప్పబోయెడివారు. వాద్యములు మ్రోగుచున్నంతసేపు మేష్టరు చేయి యెత్తి, "సాయిబుగారూ, ఒక్క క్షణ మాగుడు. మాట తరువాత చెప్పవచ్చును" అని వారించెడివాడు.

వారు చూచుచుండిన నాటకమాల పేరు ‘భారత్ ఏక్ ఖోజ్’. జవహర్‌లాల్ నెహ్రూ అహమదునగరు కోటలో బందీగా నుండి 1944లో వ్రాసిన ఆంగ్లగ్రంథము దానికి మూలము. ఆ గ్రంథము 1946లో అచ్చయినది. దానిని 53 భాగముల చారిత్రక నాటకమాలగా మలచినవాడు శ్యామ్ బెనెగళ్. ఆయన 1934లో సికిందరాబాదు సమీపమునందలి తిరుమలగిరిలో జన్మించి, 2024 డిసెంబరులో మరణించెను. తెలంగాణపు పల్లె కథను ‘అంకుర్’గా తీసినవాడు, తెలుగులో ‘అనుగ్రహము’నకు దర్శకత్వము వహించినవాడు ఆయనయే. ఈ చిత్రములకును, ‘భారత్ ఏక్ ఖోజ్’నకును సంగీతము కూర్చినవాడు వనరాజ్ భాటియా.

ఈ భాటియా కథ చెప్పుకొనదగినది. ఆయన 1927లో బొంబాయిలో జన్మించెను. లండనులోని రాయల్ అకాడమీలో చదివి, పిమ్మట పారిస్ నగరమున నాదియా బూలాంజె అను ప్రసిద్ధ గురువు కడ శిష్యరికము చేసెను. స్వదేశమునకు వచ్చి ఢిల్లీ విశ్వవిద్యాలయములో పాశ్చాత్య సంగీతశాస్త్రమును బోధించెను. ప్రకటనల చిత్రములకు వేలకొలది చిన్నచిన్న బాణీలు కట్టెను. సబ్బులకును చీరలకును బాణీలు కట్టిన చేతితోనే ఋగ్వేదసూక్తమునకు స్వరము కూర్చుట విడ్డూరముగా తోచవచ్చును. కాని అర నిమిషములో ఒక భావమును వినువాని చెవిలో నాటుట యెట్లో ఆ పనియే ఆయనకు నేర్పి యుండును. దేశవిభజన కథయైన ‘తమస్’ నాటకమాల సంగీతమునకు ఆయనకు జాతీయ పురస్కారము లభించెను. 2012లో పద్మశ్రీ వచ్చెను. 2021 మే నెలలో ఆయన కన్నుమూసెను.

‘భారత్ ఏక్ ఖోజ్’ ప్రతిభాగమును నాసదీయ సూక్తముతో ప్రారంభమగును. అది ఋగ్వేదము పదియవ మండలమున 129వ సూక్తము. సృష్టికి పూర్వ మేమి యుండెనని ప్రశ్నించుచు, చివరకు సృష్టికర్తకైన నిది తెలియునో తెలియదో యను సంశయముతో ముగియు సూక్తమది. చరిత్రను చెప్పబోవువారు జయధ్వానముతో గాక సందేహముతో కథ మొదలిడుట సాహసము. ఆ సందేహమును భాటియా పెక్కు గొంతుల బృందగానముగా కూర్చెను. మొదట సంస్కృతమున, తరువాత వసంత్ దేవ్ చేసిన హిందీ యనువాదమున ఆ పాట సాగును. భాగము ముగియునప్పుడు అదే మండలములోని హిరణ్యగర్భ సూక్తము వినవచ్చును.

మొదటివారము ఆ గానము వినినప్పుడు మేష్టరు నోటిలోని తాంబూలమును నమలుట మఱచెను. ఆ యూరి పురోహితునకు మాత్రము అది రుచింపలేదు. ఉదాత్తము, అనుదాత్తము, స్వరితము అను కట్టుబాటులు లేకుండ వేదమును వాద్యములతో కలిపి పాడుట యేమి న్యాయమని ఆయన యడిగెను. ఆయన యాక్షేపణ అకారణము కాదు. గురుశిష్య పరంపరలో వేలయేండ్లు ఒక్క అక్షరము జాఱకుండ కాపాడబడిన స్వరమది. కాని యజ్ఞశాలలోని పఠనము వేఱు, నాటకశాలలోని గానము వేఱు. భాటియా వేదమును వల్లెవేయలేదు. వేదర్షి ప్రశ్నను నేటి వారి చెవులకు మరల ప్రశ్నగా వినిపించెను. పెక్కు గొంతులు ఒక్కటై యడిగిన ప్రశ్న యొంటిగొంతు ప్రశ్నకంటె బరువైనదని, హిందీయు సంస్కృతమును రాని ఆ నడవలోని జనమునకు సయితము తెలిసినది. పసిబిడ్డలు కూడ ఆ కొద్ది నిమిషములు అల్లరి చేయుట మానెడివారు.

మేష్టరును కలవరపెట్టిన విషయము వేఱు. మన గానమునకు ఆధారశ్రుతి యొకటి. దానిపై రాగము ఒకే త్రోవన నడచును. పదిమంది పాడినను, పది వాద్యములు మ్రోగినను ఆ త్రోవనే పోవలెను. పాశ్చాత్యుల పద్ధతి యట్లు కాదు. వారు ఒకే కాలమున మూడు నాలుగు స్వరములను ఒకదానిపై నొకటి పేర్చి, గోడ కట్టినట్లు నాదమును కట్టుదురు. ఒక గొంతు పైకి పోవుచుండగా మఱొకటి క్రిందికి దిగును. రెండును కలహింపవు. భాటియా కూర్పులో రాగచ్ఛాయ యున్నది, ఈ పేర్పును ఉన్నది. "త్రోవలు రెండు, ఊరు ఒకటి. ఇది యెట్లు కుదిరినది?" అని మేష్టరు తనలో తాననుకొనుచు ఇల్లు చేరెడివాడు.

ఆయన యింట నాటకపు హార్మోనియ మొకటి యుండెను. అది చేతితో తిత్తి నూదు చిన్నపెట్టె కాదు, కాళ్లతో త్రొక్కునట్టిది. రెండు చేతులును మెట్లపై నాడుటకు వీలగును. నాటకములవారు దానినే కోరుదురు. నటుడు దూరపు వరుస వఱకు వినబడునట్లు పద్యమెత్తుకొని, రాగము తీసి తీసి ఊపిరి చాలక ఆగినచోట ఆ పెట్టెయే పద్యమును మోసికొనిపోవలెను. రాజు ప్రవేశించినను, రాజ్యము పోయినను, బిడ్డ చనిపోయినను, విదూషకుడు జాఱిపడినను, అన్నిటికిని వాద్యబృందము ఆ యొక్క పెట్టెయును, ప్రక్కన నొక తబలాయును. ఈ సీమయే తెలుగు నాటకమునకు పాట నేర్పినదని చెప్పినను తప్పు లేదు. ధర్మవరమున 1853లో జన్మించిన రామకృష్ణమాచార్యులు బళ్లారిలో నాటకసమాజము నడపి, తన నాటకములలో రాగయుక్తములైన పాటలను పొందుపఱచెను. లోకులు ఆయనను ఆంధ్రనాటక పితామహుడనిరి. ఆ బళ్లారిలోనే కోలాచలము శ్రీనివాసరావు చారిత్రక నాటకములను రచించెను. విజయనగర పతనమును చూపు ఆయన ‘రామరాజు చరిత్రము’లో పఠాను వేషమున బళ్లారి రాఘవ ఖ్యాతి గడించెను. మేష్టరు తన యౌవనమున ఆ నాటకమునకు ఒకటి రెండు మాఱులు హార్మోనియము వాయించియుండెను.

ఇంతకును ఆ పెట్టె మన దేశపుది కాదు. 1842లో పారిస్ నగరమున అలెగ్జాండర్ దెబేన్ అను వాద్యనిర్మాత దానికి హక్కుపత్రము పొందెను. భాటియా స్వరముల పేర్పును నేర్చినదియు ఆ నగరముననే. ఒకే ఊరినుండి వచ్చిన విద్యయును పెట్టెయును రొద్దములో కలిసికొనునని ఎవరనుకొందురు! గమకమును పలికింపలేదని మన విద్వాంసులు ఆ పెట్టెను నిందించిరి. ఆకాశవాణి 1940 నుండి 1971 వఱకు దానిని తన గడప త్రొక్కనీయలేదు. పల్లె నాటకములవారు మాత్రము ఆ నిషేధమును లెక్కపెట్టలేదు. వారికి వలసినది సూక్ష్మగమకము కాదు, తెల్లవాఱువఱకు అలయని ఊపిరి.

టెలివిజను నాటకమునకు సంగీతము కూర్చు పని దీనికి తలక్రిందులుగా నుండును. రంగస్థలముపై వాద్యగాడు నటుని కనిపెట్టి పోవును. నటుడు పద్యమును పొడిగించిన తానును పొడిగించును. ప్రేక్షకులు మరల పాడుమనిన మరల వాయించును. తెఱమీది నాటకములో నటుని పని యెప్పుడో ముగిసినది. బొమ్మను కోసి, అతికి, ఇంత నిడివి యని నిర్ణయించిన పిమ్మట సంగీతకర్త గడియారము ముందిడుకొని కూర్చుండును. ఈ గుఱ్ఱపురౌతు గవని దాటుటకు పదునాలుగు సెకండ్లు, ఈ రాణి మౌనమునకు ఆఱు సెకండ్లు అని లెక్క కట్టవలెను. మాట వినబడవలసిన చోట తంత్రీవాద్యములను అణచియుంచవలెను. మాట చెప్పలేనిదానిని పిల్లనగ్రోవికి విడువవలెను. అన్నిటికంటె కష్టమైనది వాద్యములను ఊరకుండజేయుట. కత్తి కదలిన ప్రతిసారి నగారా మ్రోగించి, రాజు కనుబొమ యెత్తిన ప్రతిసారి కొమ్ము ఊదించి వినువానిని చెవిటివానిని చేయు చారిత్రక నాటకములకు ఇప్పటికిని కొఱత లేదు. వానిలో యుద్ధము ముగిసిన సంగతి వాద్యములకు తెలియదు.

అట్లని పెద్ద బృందమే దోషమనరాదు. 1952లో ‘ఆన్’ చిత్రమునకు నూఱు వాద్యములను కూర్చిన నౌషాద్ 1990లో టిప్పు సుల్తాను టెలివిజను కథకు సంగీతము సమకూర్చెను. సంఖ్య కాదు, దేని నెప్పుడు మేలుకొలుపవలెనో యెఱుగుట ముఖ్యము. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటగాండ్రను చూడుడు. హార్మోనియము, మద్దెల, తాళములు తప్ప వారికి వేఱు వాద్యములు లేవు. రామరావణ యుద్ధము వచ్చినప్పుడు కాళ్లక్రింది చెక్కలను దడదడ త్రొక్కుదురు. తెల్లని తెఱపై రెండు తోలుబొమ్మలు తాకునప్పుడు ఆ చప్పుడు వినినవానికి లంక కదలినట్లే యుండును. ఆ యూరి దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది.

‘భారత్ ఏక్ ఖోజ్’లో విజయనగర సామ్రాజ్యమునకును ఒక భాగము కలదు. ఆ భాగము వచ్చునని తెలిసినది మొదలు రొద్దములోని బాలురకు నిద్ర లేదు. తమ పెనుగొండ కోట తెఱమీదికి ఎక్కునో యెక్కదో యని వారి తర్కము. మేష్టరు మనుమడు పదియేండ్లవాడు. వాడు వచ్చి, "తాతా, కృష్ణరాయల కొలువులో ఏ వాద్యములు మ్రోగెను? వీరు దేనిని వాయింతురు?" అని యడిగెను.

వాని ప్రశ్న చిన్నది కాదు. చారిత్రక నాటకమునకు చీరలు నేయువాడు శిల్పములను చూచి నేయును. కోట కట్టువాడు శిథిలములను చూచి కట్టును. సంగీతకర్త చూచుట కేమున్నది? విజయనగరపు మహానవమి ఉత్సవములను 1520 ప్రాంతమున చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ బూరలును, భేరులును, నర్తకీమణులును అచ్చట నుండిరని వ్రాసెను. ఆ బూర లే స్వరమున మ్రోగినవో వ్రాయలేదు. వ్రాయ నాతనికి సాధ్యమును కాదు. లేపాక్షి వీరభద్రాలయపు నాట్యమంటపమున రంభ ఆడుచుండును, బ్రహ్మ మద్దెల వాయించుచుండును. రాతిచేతులు మద్దెలపై నాలుగువందల యేండ్లకు పైగా ఆగియున్నవి. తఱువాతి దెబ్బ యేదో అవి చెప్పవు. రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి యను సంస్కృత గ్రంథమున ఇరువది మేళములను, వీణపై మెట్లనమర్చు విధమును వివరించెను. ఆ గ్రంథమును వ్రాయించినవాడు అళియ రామరాయలు. 1565 జనవరిలో రక్కసితంగడి యుద్ధమున తల కోల్పోయిన రామరాయలు ఇతడే. ఆ పిమ్మట తిరుమలరాయలు రాజధానిని పెనుగొండకు తరలించెను. రాజు పోయెను, రాజధాని పోయెను, వీణమెట్ల లెక్క మాత్రము మిగిలెను. ఆ లెక్కనుండి నాదమును మరల పుట్టించుట ఊహకు మాత్రమే సాధ్యము.

మేష్టరు మనుమనికి ఇదంతయు చెప్పలేదు. ఆయనకు తెలిసినది కొంతయే. "ఎవరును వినలేదు అబ్బీ. కాబట్టియే మనసార వాయింపవచ్చును" అని మాత్రమనెను.

అంతలో ఇంట వేఱొక కథ నడచుచుండెను. నాటకము లాడించువారు ఆ సీమలో నానాటికి తగ్గిపోయిరి. తిరునాళ్లకు పూర్వమువలె ఎవరును కబురంపుట లేదు. రాత్రి యెల్ల మేల్కొని హరిశ్చంద్రుని చూచెడివారే ఇప్పుడు వర్తకుని నడవలో పెట్టె ముందు కూర్చుండిరి. వారిని తప్పుపట్టుటకు మేష్టరునకు నోరు రాలేదు. ఆ జనములో తానును ఒకడు. మూడేండ్లు వరుసగా పంట పోయి అప్పు పెరిగినది. ఒకనాడు కుమారుడు తలవంచుకొని, "నాయనా, పెట్టెకు చెదలు పట్టకముందే ఎవరికైన ఇత్తము. హిందూపురమునుండి ఒకరు వచ్చి చూచి పోయినారు. బయానా కూడ ఇచ్చినారు" అనెను. మేష్టరు చాలసేపు పలుకలేదు. పిదప, "తీసికొనిపోవునది ఎప్పుడు?" అని యడిగెను. కుమారుడు చెప్పిన దినము విజయనగర భాగము వచ్చు దినమే యయ్యెను.

ఆ నాడు వర్తకుని నడవ క్రిక్కిరిసెను. నాసదీయగానము ముగిసినది. కథ మొదలగు సమయమునకు కరెంటు పోయినది. బాలురు హోరుమనిరి. సాయిబుగారు జేబులోని గడియారమును చూచి నిట్టూర్చిరి. పావుగంట గడచినను దీపము వెలుగలేదు. మేష్టరు మెల్లగా లేచి, మనుమని భుజముపై చేయివైచి ఇల్లు చేరెను. పెట్టె మీది దుప్పటిని తొలగించి, మూత యెత్తి, కాళ్లతో త్రొక్కసాగెను.

నలుబదియేండ్లు ఆయన రెండు చేతులును ఒకే బాణీని వాయించినవి. కుడిచేయి పైస్థాయిలో నడచిన, ఎడమచేయి క్రిందిస్థాయిలో నీడవలె వెంబడించెడిది. ఆ నాడు ఆయన కుడిచేతిని ఒడిలో నుంచుకొనెను. "అబ్బీ, ఆ పాట నీకు వచ్చును గదా. పై మెట్లపై నీవు పలికింపుము" అనెను. బాలుడు నిలువబడి, ఒక్క వ్రేలితో తడవుకొనుచు నాసదీయపు బాణీని పలికించెను. వృద్ధుని యెడమచేయి క్రిందినుండి వేఱొక స్వరమును పట్టెను. మొదటిమాఱు అది కుదరలేదు. చెవికి గఱ్ఱుమనెను. రెండవమాఱును కుదరలేదు. ఆయన ఒక మెట్టు తగ్గించి మరల పట్టెను. బాలుని స్వరము పైకి పోవుచుండగా ఆయన స్వరము క్రిందికి దిగెను. రెండును విడిపోయి, నడుమ కొంత చోటు విడిచి, చివర నొక్కచోట కలిసికొనెను. బాలుడు ఉలికిపడి తాతవైపు చూచెను. "ఆగకుము" అనెను తాత.

ఆ సమయమున హిందూపురము పెద్దమనిషి వాకిటికి వచ్చెను. వెంట ఇద్దరు కూలీలును, మోకులును, వీథిలో ఎద్దుబండియు నుండెను. కుమారుడు ఎదురేగి అరుగుపై చాప పఱచెను. లోపలి ధ్వని విని ఆ పెద్దమనిషి చెప్పులు విడిచి, చాపపై కూర్చుండి, కూలీలను కూడ కూర్చుండుడని సైగచేసెను. ఎవరును మాటలాడలేదు.

కరెంటు ఎప్పుడు వచ్చినదో వారికి తెలియలేదు. వీథికి ఆవలినుండి వర్తకుని యింటి పెట్టె మ్రోత వినవచ్చెను. భాగము ముగింపునకు వచ్చినట్లుండెను. హిరణ్యగర్భ సూక్తము సాగుచుండెను. మేష్టరు పెట్టె ఒకటిన్నర శ్రుతిలో పలుకుచుండెను. ఆవలి గానము దానికంటె కొంచెము పైన నున్నది. ఆయన చెవియొగ్గి వినెను. ఎడమచేతిని ఒక మెట్టు జరిపి రెండవ శ్రుతిని పట్టి, కుడిచేతితో మనుమని వ్రేలిని కూడ ఒక మెట్టు పైకి జరిపెను.